నల్గొండ, పాలమూరు నుంచి ప్రైమరీ టీచర్ కావాలంటే: ఇంటర్ నుంచి ఎస్‌జీటీ కొలువు దాకా

ఇంటర్ ఫలితాలు రాగానే టీచర్ కావాలనుకునే పిల్లలకు మన దగ్గర ఎక్కువగా దొరికే సలహా ఒకటే: "డిగ్రీ చెయ్యి, బీఈడీ చెయ్యి, డీఎస్సీ రాయి." హైస్కూల్‌లో చెప్పాలనుకునేవారికి ఈ సలహా సరైనదే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే ఎస్‌జీటీ కొలువు కోరుకునేవారు మాత్రం ఈ దారిన ఐదేళ్లు నడిచినా ఆ గుమ్మం దాకా చేరరు. ఎస్‌జీటీకి కావాల్సింది ఇంటర్, రెండేళ్ల డీఈఎల్‌ఈడీ, టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్-1. ఆ పైన ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీలో ర్యాంకు. పెద్దవాళ్లు టీటీసీ అని, తర్వాతివాళ్లు డీఎడ్ అని పిలిచిన కోర్సే ఇప్పటి డీఈఎల్‌ఈడీ.

అందుకే అసలు నిర్ణయం ఇంటర్ అయిపోయిన ఆ వేసవిలోనే జరగాలి. ఆ ఒక్క నిర్ణయం గురించి ఇంట్లో సరిగా మాట్లాడుకోక, బీఈడీ పట్టా చేతికి వచ్చాక ఎస్‌జీటీకి పనికిరాదని తెలుసుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బీఈడీతో ఎస్‌జీటీ ఎందుకు కుదరదు

ఈ గందరగోళానికి కారణం ఉంది. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ 2018 జూన్ 28న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఈడీ చేసినవాళ్లు కూడా ప్రాథమిక తరగతులకు చెప్పొచ్చని, కొలువులో చేరాక ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేస్తే చాలని దాని సారాంశం. దీంతో బీఈడీ ఒక్కటి చేస్తే రెండు రకాల పోస్టులకూ దారి దొరుకుతుందని అందరూ అనుకున్నారు. రాజస్థాన్ హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే నైపుణ్యమని, దానికి తగిన శిక్షణ డిప్లొమాలోనే ఉందని, బీఈడీ పై తరగతుల కోసం రూపొందిన కోర్సని కోర్టు తేల్చింది. 2024 డీఎస్సీలో ఎస్‌జీటీ పోస్టులు డీఈఎల్‌ఈడీ వాళ్లకే దక్కాయి.

నా ఉద్దేశంలో ఈ తీర్పు న్యాయమైనదే. అక్షరం రాని పిల్లకు అక్షరం నేర్పడం ఎంత కష్టమో ఒకటో తరగతిలో నెల రోజులు నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది.

ముందు ఇంటర్ మార్కులు చూసుకోండి

డీఈఎల్‌ఈడీలో చేరడానికి ఇంటర్‌లో మొత్తం మీద 50 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 45 శాతం చాలు. ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఎంపీసీ అయినా సీఈసీ అయినా ఒకటే. ఒకేషనల్ ఇంటర్ చదివినవారు మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హత భాగం చదివాకే ఫీజు కట్టండి. ఒకటి రెండు శాతం తక్కువ పడేలా ఉంటే, ఫలితాలు రాగానే జరిగే సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాయండి. పాసైతే చాలనుకుని ఆ అవకాశం వదిలేసి, తర్వాత బాధపడటం కంటే అది నయం. వయసు విషయంలో 17 ఏళ్లు నిండాలి, పైపరిమితి లేదు. పెళ్లై పిల్లలున్న అక్కలు, చెల్లెళ్లు కూడా నిరభ్యంతరంగా రాయొచ్చు.

డీఈఈసెట్: ఆరు నుంచి పది తరగతుల పుస్తకాలే ఆధారం

సీటు రావాలంటే డీఈఈసెట్ రాయాలి. పరీక్ష ఆన్‌లైన్‌లో, రెండు గంటల్లో 100 ప్రశ్నలు, 100 మార్కులు. జనరల్ నాలెడ్జ్, టీచింగ్ ఆప్టిట్యూడ్ కలిపి 10. ఇంగ్లిష్ 10, తెలుగు 20. గణితం 20, సాంఘికశాస్త్రం 20, భౌతిక రసాయన శాస్త్రాలు 10, జీవశాస్త్రం 10. సిలబస్ మన రాష్ట్ర ఆరు నుంచి పదో తరగతి పుస్తకాలదే.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూడండి. తెలుగు, గణితం, సాంఘికం మూడింటికే 60 మార్కులు. బైపీసీ, సీఈసీ పిల్లలు రెండేళ్లుగా లెక్కల మొహం చూసి ఉండరు. వాళ్లు ముందు పట్టాల్సింది ఎనిమిది, తొమ్మిది తరగతుల గణితం పుస్తకాలే. ఇంట్లో పాతవి లేకపోతే మీ ఊరి హైస్కూల్ సార్‌ను అడగండి, లైబ్రరీ బీరువాలో ఉంటాయి. ఈ పరీక్షకు మార్కెట్‌లో దొరికే లావుపాటి గైడ్ల కంటే ఆ పుస్తకాల్లో ప్రతి పాఠం చివరి అభ్యాసం ఎక్కువ పని చేస్తుంది.

ఓసీ, బీసీలకు కనీసం 35 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస పరిమితి లేదు. అయినా సీటు ర్యాంకును బట్టే వస్తుంది.

ఏ కాలేజీ?

ప్రభుత్వ డైట్‌లలో (జిల్లా విద్యా శిక్షణ సంస్థలు) సీటు వస్తే రెండో ఆలోచన వద్దు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున ఈ సంస్థలు వచ్చాయి. మనకు నల్గొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి ఉన్నాయి. ఫీజు భారం తక్కువ. టీచర్లకు శిక్షణ ఇచ్చేదీ ఇక్కడే కాబట్టి పనిచేస్తున్న సార్లతో పరిచయం కూడా దొరుకుతుంది. సీట్లు తక్కువ కనుక పోటీ గట్టిగానే ఉంటుంది. వెబ్ ఆప్షన్లలో ముందు డైట్‌లను పెట్టి, తర్వాతే ప్రైవేటు కాలేజీలను పెట్టుకోండి.

ప్రైవేటు కాలేజీలో చేరాల్సి వస్తే చూడాల్సినవి మూడు. ఎన్‌సీటీఈ గుర్తింపు ఆ విద్యా సంవత్సరానికి ఉందా? ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఆ కాలేజీ పేరు కనిపిస్తోందా? నిజంగా క్లాసులు జరుగుతాయా? మూడోదే అన్నింటికన్నా ముఖ్యం. "మీరు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, రికార్డులు మేమే రాయిస్తాం" అని చెప్పే చోట్ల చేరకండి. ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఆ నిబంధన తప్పించుకున్నందుకు మీరు పోగొట్టుకునేది హాజరు ఒక్కటే కాదు. టెట్‌లోనూ డీఎస్సీలోనూ అడిగే బోధనా పద్ధతుల ప్రశ్నలకు జవాబులు ఆ రెండేళ్లలోనే ఉన్నాయి.

ఆ రెండేళ్లు ఏం నేర్చుకోవాలి

కోర్సులో శిశు వికాసం, విద్య–సమాజం, పూర్వ ప్రాథమిక విద్య, తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఇంగ్లిష్ బోధనా పద్ధతులు ఉంటాయి. కళలు, వ్యాయామ విద్య కూడా ఉంటాయి. పియాజే, వైగాట్‌స్కీ, కోల్‌బర్గ్, స్కిన్నర్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తల పేర్లు మొదటి నెలల్లోనే పరిచయమవుతాయి, డీఎస్సీ దాకా వదలవు. కోర్సుకు ప్రాణం మాత్రం ఇంటర్న్‌షిప్. రెండేళ్లలో కనీసం 20 వారాలు బడిలో గడపాలి, అందులో ఎక్కువ భాగం రెండో ఏడాదిలోనే.

ఇంటర్న్‌షిప్‌లో చాలామంది చార్టులు గీయడం మీద, పాఠ్యపథకాలు అందంగా రాయడం మీద దృష్టి పెడతారు. అవి కావాల్సినవే. కానీ పిల్లల నోటుబుక్కుల్లో తప్పులు చూడటం నేర్చుకోండి. ఉదాహరణకు మూడో తరగతి పిల్లవాడు 42 లోంచి 17 తీసేసి 35 అని రాస్తాడు. తప్పని ఎర్రగీత కొట్టి పోతే వాడు రేపు కూడా అదే రాస్తాడు. వాడి పక్కన కూర్చుని ఎలా చేశావని అడగండి. "ఏడులకెల్లి రెండు తీస్తే ఐదు, నాలుగులకెల్లి ఒకటి తీస్తే మూడు" అంటాడు. అంటే వాడికి తీసివేత వచ్చు, స్థానవిలువ రాలేదు. పైన ఏ అంకె ఉందో చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టండి. పదిహేడు తీయమంటే వాడే ఒక కట్ట విప్పుతాడు. ఆ కట్ట విప్పిన క్షణంలో వాడికి తీసివేతలో 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఏమిటో అర్థమవుతుంది. ఆ తర్వాతే పలక మీద లెక్క.

ఇలాంటివి రోజుకు ఒకటి చొప్పున ఒక పుస్తకంలో రాసుకోండి: పిల్ల ఏం రాసింది, ఎందుకు రాసింది, మీరు ఏం చేశారు. టెట్‌లో గణిత బోధన మీద వచ్చే ప్రశ్నలు చాలావరకు ఇదే తీరులో, ఒక పిల్లవాడి తప్పును ఇచ్చి కారణం అడిగే రకంగా ఉంటాయి. బడిలో చూసినవాళ్లకు అలాంటి ప్రశ్న ఆలోచించాల్సిన పనే ఉండదు.

చదవడంలోనూ అంతే. వేలు పెట్టి పాఠం గడగడా చదివే పిల్ల నిజంగా చదువుతోందా, కంఠతా చెబుతోందా అని చూడాలంటే పేరా మధ్యలో ఒక మాట చూపించి అడగాలి. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే: ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా రావడం. ఇంటర్న్‌షిప్‌లో ఆ బడి సార్ దగ్గర తొలిమెట్టు రికార్డులు అడిగి చూడండి. వారం వారం ఏ పిల్ల ఎక్కడుందో ఎలా రాసుకుంటున్నారో తెలుస్తుంది.

మన ప్రాంతానికి ఇంకో విషయం ఉంది. దేవరకొండ వైపు తండాల్లో, నల్లమల అంచున అమ్రాబాద్ వైపు బడుల్లో ఒకటో తరగతికి వచ్చే పిల్లల ఇంటి మాట, పుస్తకం తెలుగు ఒకటి కావు. తండా పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. పాఠంలోని బొమ్మ చూపించి "ఇదేంది?" అంటే ఊరుకుంటుంది. తెలియక కాదు, మీరు అడిగే మాట ఆమెకు కొత్త. అలాంటి బడిలో ఇంటర్న్‌షిప్ పడితే తప్పించుకోవాలని చూడకండి. ఆ భాషలో ఓ యాభై మాటలు నేర్చుకుని వెళ్లండి. ఇంటి మాటతో మొదలుపెట్టి పుస్తకం మాటకు తీసుకురావడం సైకాలజీ పేపర్‌లో ఒక పాఠం, ఇక్కడ అది రోజువారీ పని.

టెట్ పేపర్-1

డీఈఎల్‌ఈడీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా టెట్ రాయొచ్చు. కాబట్టి కోర్సు అయ్యాక చూద్దామని ఆగొద్దు. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. శిశు వికాసం–పెడగాజీ, తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30. నెగెటివ్ మార్కులు లేవు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే అర్హత. ఒకసారి అర్హత వస్తే జీవితాంతం చెల్లుతుంది.

అయితే అర్హతతో ఆగిపోవద్దు. డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. టెట్‌లో 90 వస్తే మీ ఖాతాలో పడేది 12 మార్కులు, 120 వస్తే 16. ఆ నాలుగు మార్కుల తేడా డీఎస్సీలో ఎనిమిది ప్రశ్నలతో సమానం. ఎందుకంటే అక్కడ ప్రశ్నకు అర మార్కే. ఒకే జిల్లాలో అర మార్కు తేడాలో ఎంతోమంది నిలబడే పోటీలో ఎనిమిది ప్రశ్నలంటే చిన్న విషయం కాదు. మళ్లీ రాసి స్కోరు పెంచుకునే వీలుంది, ఎక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. కనుక డీఎస్సీ నోటిఫికేషన్ లేని కాలంలో టెట్ స్కోరు పెంచుకోవడమే మంచి పని.

లోకల్ కాగితాలు: ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి

ఎస్‌జీటీ జిల్లా స్థాయి పోస్టు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు ఆ జిల్లా లోకల్ అభ్యర్థులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో ఆ జిల్లాకు మీరు లోకల్. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, డైట్ ఎక్కడ చదివారన్నదీ కాదు. కాలేజీ సీటుకు చూసే లోకల్ లెక్క వేరు, దాన్ని దీంతో కలపొద్దు.

మన దగ్గర ఇది రెండు చోట్ల చిక్కు తెస్తుంది. ఒకటి, జిల్లాల విభజన. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట వచ్చింది. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి. మీరు చదివినప్పుడు ఆ బడి ఏ జిల్లాలో ఉందో కాదు, ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి. కోదాడలో చదివి నల్గొండలో స్థిరపడ్డ అమ్మాయి సూర్యాపేట లోకల్ అవుతుంది.

రెండోది వలస. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయిన కుటుంబాల పిల్లలు రెండో తరగతి ఒకచోట, నాలుగు ఇంకోచోట చదివి ఉంటారు. మధ్యలో ఒకటి రెండేళ్లు బడి మానేసిన వాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు ప్రతి బడి నుంచీ బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బడికి పోని ఏళ్లకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం అవసరమవుతుంది. మూతపడిన ప్రైవేటు స్కూల్లో చదివి ఉంటే ఆ రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి ఆఫీసులో కనుక్కోండి. నోటిఫికేషన్ వచ్చాక ఈ పని మొదలుపెడితే పరీక్షకు చదవాల్సిన రోజులన్నీ ఆఫీసుల చుట్టూ తిరగడానికే పోతాయి, టెన్షన్ వేరే. పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయా అన్నదీ ఇప్పుడే చూసుకోండి.

డీఎస్సీ

2017 నోటిఫికేషన్ తర్వాత పెద్ద స్థాయిలో నియామకాలు జరిగింది 2024లోనే. ఆ ఏడాది ఫిబ్రవరి 29న 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అందులో ఎస్‌జీటీలు 6,508. జులై, ఆగస్టుల్లో పరీక్షలు, సెప్టెంబరు 30న ఫలితాలు, అక్టోబరు 9న నియామక పత్రాలు. వయసు 18 నుంచి 46, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ వారికి ఐదేళ్ల సడలింపు, దివ్యాంగులకు పదేళ్లు.

ఎస్‌జీటీ పేపర్‌లో 160 ప్రశ్నలకు 80 మార్కులు, రెండున్నర గంటలు. జనరల్ నాలెడ్జ్, వర్తమాన అంశాలు 10 మార్కులు, విద్యా దృక్పథాలు 10. తెలుగు, ఇంగ్లిష్, గణితం, సైన్స్, సాంఘికం ఒక్కోదానికి 9. బోధనా పద్ధతులు 15. విద్యా దృక్పథాలు, బోధనా పద్ధతులు కలిపితే 25 మార్కులు, అవి రెండేళ్ల కోర్సులో నిజంగా చదివినవాళ్లవి. జనరల్ నాలెడ్జ్ పోగా మిగతాది ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాలు.

కోచింగ్ కోసం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌కో, అవనిగడ్డకో పోవాలని అనుకునేవాళ్లు ముందు నల్గొండ, మహబూబ్‌నగర్‌లలోని బీసీ స్టడీ సర్కిళ్లలో ఉచిత శిక్షణకు ప్రకటన వస్తుందేమో చూడండి. నలుగురైదుగురు కలిసి జిల్లా గ్రంథాలయంలో కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో సబ్జెక్టులో ప్రశ్నలు తయారుచేసి మిగతావాళ్లను అడిగే పద్ధతి డబ్బు ఖర్చు లేనిది, బాగా పని చేసేది.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే కాలం

2017కూ 2024కూ మధ్య ఎన్నేళ్లు గడిచాయో చూశారు కదా. డీఈఎల్‌ఈడీ కాగానే ఇంట్లో కూర్చుని నోటిఫికేషన్ కోసం చూడటం మంచిది కాదు. డిగ్రీ లేనివాళ్లు డిగ్రీ పూర్తి చేయండి, డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో చేసుకోవచ్చు. రెగ్యులర్‌గా డీఈఎల్‌ఈడీ చేసినవాళ్లు డిగ్రీ తర్వాత దూరవిద్యలో బీఈడీ చేయడానికి కూడా ఎన్‌సీటీఈ నిబంధనలు ఒప్పుకుంటాయి. గురుకులాలు ఐదో తరగతితో మొదలవుతాయి, అక్కడ టీజీటీకి (డిగ్రీ అర్హత ఉన్న టీచర్ పోస్టు) డిగ్రీ, బీఈడీ కావాలి. ఒక్క డిప్లొమాతో అక్కడ పోటీ పడలేరు.

కేంద్రీయ విద్యాలయాల్లో పీఆర్‌టీ (ప్రైమరీ టీచర్) పోస్టుకు మాత్రం డీఈఎల్‌ఈడీ పనికొస్తుంది. దానికి సీబీఎస్‌ఈ నిర్వహించే కేంద్ర స్థాయి టెట్, అంటే సీటెట్ పేపర్-1 ఉండాలి. టెట్‌కు చదివిన చదువే దానికీ సరిపోతుంది, హిందీ లేదా ఇంగ్లిష్‌లో ప్రశ్నలు అర్థం చేసుకునే సాధన అదనం.

ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేయాలనిపిస్తే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా ఉంది, దాన్ని గుర్తించేది ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి). 2024లో ఈ విభాగంలో 796 ఎస్‌జీటీ పోస్టులు వచ్చాయి, పోటీ మామూలు ఎస్‌జీటీ అంత ఉండదు. ఓపిక, ప్రేమ రెండూ ఉన్నవాళ్లు గట్టిగా ఆలోచించాల్సిన దారి ఇది. ఇంటర్ తర్వాత నాలుగేళ్లలో డిగ్రీ, బీఈడీ కలిపి చేసే ఐటెప్ కోర్సు వరంగల్ ఎన్ఐటీలో, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉంది. ఎస్‌జీటీ ఒక్కటే లక్ష్యమైతే దాన్ని నమ్ముకునే ముందు డీఎస్సీ అర్హత నిబంధనలు చదవండి.

ప్రైవేటు స్కూల్లో చెబుతూ చదువుకోవడం చాలామందికి తప్పదు. జీతం తక్కువే అయినా ఒకటి, రెండు తరగతులు అడిగి తీసుకోండి. పిల్లల మీద చేయి చేసుకోవాలని మిమ్మల్ని ఒత్తిడి పెట్టే చోట ఉండొద్దు. పిల్లలను కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఒకసారి ఆ అలవాటు పడితే పోగొట్టుకోవడం కష్టం కూడా.

ఎస్‌జీటీగా చేరాక స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్ రావాలంటే ఆ సబ్జెక్టులో డిగ్రీ, బీఈడీ కావాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రమోషన్లకు కూడా టెట్ తప్పనిసరి అని చెప్పింది. కాబట్టి పేపర్-1 అయ్యాక, బీఈడీ పూర్తయ్యే ఏడాదిలోనే పై తరగతుల టీచర్ల కోసం ఉండే పేపర్-2 కూడా రాసి పెట్టుకోండి.